అప్‌డేట్: నల్ల బురఖా వాయిస్ మెసేజ్ సంగతి

పోయిన నెల అడిగాను కదా, మా మసీదు కమిటీ సదర్ సాబ్ (అధ్యక్షుడు) "ఆడ వాలంటీర్లంతా ఇకమీద నల్ల బురఖాలోనే రావాలి" అని గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టారని. నేను చుడీదార్ మీద పెద్ద చున్నీ తలనిండా కప్పుకుంటాను. మీరు చెప్పినట్టే గ్రూపులో గొడవ పెట్టుకోకుండా, మా ఖాలాను (అమ్మ తోబుట్టువును) తోడు తీసుకుని నేరుగా ఆయన దగ్గరికే వెళ్లాను.

ఇమామ్ సాబ్ కూడా అక్కడే ఉన్నారు. ఖురాన్‌లో సూరా నూర్ అనే అధ్యాయం 31వ ఆయత్‌లో (వాక్యంలో) ఓణీని ఎద మీదికి కప్పుకోమని ఉంది, రంగు మాట లేదు అన్నారాయన. "దానికి ముందు 30వ ఆయత్ మగాళ్ల చూపు గురించేగా" అని అందుకుంది ఖాలా. సదర్ సాబ్ నవ్వలేదు, కాదనీ అనలేదు.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. రంజాన్ రేషన్ పంచిన రోజు వాలంటీర్లెవరో, తీసుకోవడానికి వచ్చినవాళ్లెవరో తెలియక తికమకపడ్డారట. అందరం నల్ల బురఖాల్లో వస్తే ఇంకేం తెలుస్తుంది! ఆ ముక్క ముందే చెబితే మెడలో కార్డులు వేసుకునేవాళ్లం. ఇప్పుడు అవే చేయిస్తున్నారు.

ఇకపై ఇలాంటివి మష్వరా చేసి, అంటే అందరితో సంప్రదించి చెప్పండి, సూరా షూరాలో ఉన్నది అదే కదా అన్నాను. "చూద్దాం బేటీ" అన్నారు. ఆ వాయిస్ మెసేజ్ మాత్రం గ్రూపులో ఇంకా అలాగే ఉంది.