పెల్లెట్ పొయ్యి పొద్దున్న అంటుకుంటోంది, సాయంత్రం అంటుకోవట్లేదు. ఇగ్నైటర్ మార్చాలా?

నరసన్నపేట టిఫిన్స్
అందరికీ నమస్కారం. మాది చిన్న టిఫిన్ హోటల్. గ్యాస్ ఖర్చు తట్టుకోలేక ఆటోమేటిక్ పెల్లెట్ పొయ్యి పెట్టాం. స్విచ్ వేస్తే పెల్లెట్లు (పొట్టునో ఊకనో నొక్కి చేసిన చిన్న గుళికలు) పడి, ఇగ్నైటర్ వేడికి అవే అంటుకుంటాయి. పొద్దున్న ఇడ్లీల టైముకి బాగానే వెలుగుతోంది. సాయంత్రం పునుగులకి మాత్రం ఉత్త పొగ వచ్చి, ప్యానెల్ మీద ఎర్రర్ చూపించి ఆగిపోతోంది. పొయ్యి అమ్మినాయన ఇగ్నైటర్ పోయింది, కొత్తది వెయ్యండి అంటున్నాడు. జనం వచ్చే వేళకి ఇలా అయితే టెన్షన్‌గా ఉంటోంది. మార్చే ముందు చూసుకోవాల్సినవి ఏవైనా ఉంటే చెప్పండి.

బొబ్బిలి వైర్‌మన్
బాబూ, ఇగ్నైటర్ లోపలి కాయిల్ తెగిపోతే ఏ పూటా వెలగదు. ఒక పూట వెలిగి ఒక పూట వెలగట్లేదంటే నా అనుమానం వోల్టేజి మీద. సాయంత్రం పొయ్యి స్టార్ట్ చేసి, ఇగ్నైటర్ నడుస్తుండగా ప్లగ్ దగ్గర మీటర్ పెట్టి చూడు. వోల్టేజి కొంచెం తగ్గితే వేడి చాలా తగ్గుతుంది. 230 వోల్టుల మీద 300 వాట్లు ఇచ్చే ఇగ్నైటర్, 180 వోల్టుల మీద 184 వాట్లే ఇస్తుంది. అంటే 61 శాతం. అంత తక్కువ వేడికి పెల్లెట్ పొగచూరుతుంది గానీ మంట పట్టదు. కంట్రోలర్ తనకిచ్చిన టైము చూసి ఆపేస్తుంది.

రెండోది, ప్లగ్ పీకేసి, చల్లారాక ఇగ్నైటర్ రెండు వైర్ల మధ్య ఓమ్స్ చూడు. 300 వాట్లదైతే 176కి దగ్గర్లో, 250 వాట్లదైతే 211కి దగ్గర్లో రావాలి. మీటర్ ఏమీ చూపించకపోతే తెగినట్టే. ఇది ఉక్కు గొట్టం రకానికి చెప్పిన లెక్క. తెల్లటి సిరామిక్ రకం చల్లగా ఉన్నప్పుడు వేరేగా చూపిస్తుంది, దానికి ఈ లెక్క పట్టుకోవద్దు.

చీపురుపల్లి క్యాంటీన్
తమ్ముడూ, ముందు ఒక మాట. అంటుకోకుండా ఆగిన ప్రతిసారీ మంట మండే కుండీలో పడిన పెల్లెట్లు తీసేసి, మళ్లీ స్టార్ట్ చెయ్యి. అలాగే వదిలేసి స్విచ్ మీద స్విచ్ వేస్తే కుప్ప పెరిగి లోపలంతా పొగ నిండిపోతుంది. ఆ పొగకి ఒక్కసారిగా మంట పట్టిందంటే ధబ్‌మని మూత ఎగిరిపోతుంది. వంటమనిషి మొహం అక్కడే ఉంటుంది కదా. మా దగ్గర పనివాళ్లందరికీ ఈ సంగతి మొదటిరోజే చెప్తాను.

ఇంకోటి, మీరు ఏ పెల్లెట్లు వాడుతున్నారు? ఊక పెల్లెట్లయితే బూడిద మహా ఎక్కువ. ఊక బరువులో ఐదో వంతు దాకా బూడిదే. అది ఇగ్నైటర్ ముందున్న గాలి రంధ్రాన్ని మూసేస్తుంది. ఇగ్నైటర్ ఎర్రగా కాలినా ఆ వేడి గాలి పెల్లెట్ దాకా పోదు. సరుగుడు పొట్టుతో చేసినవాటికి బూడిద చాలా తక్కువ.

పలాస జీడి
మాకు వచ్చిన తేడా వేరు. జీడిపప్పు ఆరబెట్టే గదికి పెల్లెట్ బర్నర్ పెట్టాం. వానాకాలం కొన్నాళ్లు ఆపి మళ్లీ వేస్తే, ఇగ్నైటర్ ఆన్ అవగానే ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) పడిపోతోంది. ఓమ్స్ చూస్తే బాగానే ఉంది. ఏటి చెయ్యాలి? ఆ ఈఎల్‌సీబీ తీసేసి నడపమని ఒకాయన సలహా ఇచ్చాడు.

బొబ్బిలి వైర్‌మన్
పలాస వారూ, దయచేసి ఆ పని చెయ్యొద్దు. అది పడుతోందంటే మనిషిని కాపాడుతోందని అర్థం. ఇగ్నైటర్ గొట్టం లోపల మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటుంది. అది చెమ్మ పీలుస్తుంది. మీది సముద్రపు గాలి, పైగా వానాకాలమంతా ఆగి ఉంది. విప్పి, వైరుకీ గొట్టానికీ మధ్య 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్) చూడండి. ఒక మెగాఓమ్ కంటే తక్కువ వస్తే చెమ్మ పట్టిందనో, గొట్టం చిట్లిందనో అనుకోవాలి. మెల్లటి వేడి మీద ఎండబెడితే కొన్నిసార్లు కోలుకుంటుంది. ఎండాక కూడా అలాగే ఉంటే మార్చెయ్యండి.

మార్చేటప్పుడు నేను చేసే పద్ధతి ఇది. స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్ పీకాలి. పూర్తిగా చల్లారాక బూడిద తీసి, పాత ఇగ్నైటర్ ఎంత లోపలికి ఉందో మార్కర్‌తో గీత పెట్టుకోవాలి. ఈ కొలత చాలా ముఖ్యం. మరీ ముందుకి వస్తే మంటలో కాలి త్వరగా పోతుంది, మరీ వెనక్కి పోతే పెల్లెట్‌కి వేడి అందదు. బిగించిన స్క్రూ తుప్పుకి పట్టేసి ఉంటే తుప్పు వదిలే నూనె వేసి ఆగండి. బలవంతం చేస్తే తల అరిగిపోతుంది. వైర్ల జాయింటుకి మామూలు ప్లాస్టిక్ టేపు పనికిరాదు, ఆ వేడికి కరిగిపోతుంది. పింగాణీ కనెక్టర్ వేసి పైన ఫైబర్ గ్లాస్ స్లీవ్ తొడగాలి. బాడీకి వచ్చే ఎర్త్ వైరు తిరిగి బిగించారో లేదో రెండుసార్లు చూసుకోండి.

గజపతినగరం స్వీట్స్
కొత్తది ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు వోల్టేజి చూసుకోండి. అమెరికా పొయ్యిలవి 120 వోల్టులవి ఉంటాయి. మన కరెంటు మీద వేస్తే మూడున్నర రెట్లకి పైగా వేడెక్కి వెంటనే మాడిపోతుంది. మేం ప్యాకింగ్ మిషన్ల స్పేర్లు అమ్మే షాపులో తీసుకున్నాం. ఆ మిషన్లలో వాడే కార్ట్రిడ్జ్ హీటర్ కూడా ఇదే తరహా. లావు, పొడవు, వాట్లు, వైరు బయటికి వచ్చే తీరు సరిపోవాలి. పాత ముక్కని చేత్తో పట్టుకెళ్లడమే మంచిది.

నరసన్నపేట టిఫిన్స్
అందరికీ చాలా థాంక్స్. ఓమ్స్ 178 వచ్చింది, అంటే ఇగ్నైటర్ బాగుంది. సాయంత్రం ప్లగ్ దగ్గర వోల్టేజి మాత్రం 185 దాటలేదు. రుబ్బుడు గ్రైండర్ వేస్తే ఇంకా పడిపోతోంది. చీపురుపల్లి అక్క చెప్పినట్టు గాలి రంధ్రం కూడా సగం మూసుకుపోయి ఉంది, మావి ఊక పెల్లెట్లే. రంధ్రం శుభ్రం చేసి, గ్రైండర్ ఆపి స్టార్ట్ చేస్తే సాయంత్రం కూడా అంటుకుంది, కాకపోతే ఆలస్యంగా. స్టెబిలైజర్ ఎంతది తీసుకోవాలి?

బొబ్బిలి వైర్‌మన్
పొయ్యి ఒక్కదానికే అయితే ఒక కేవీఏ ఎక్కువే. 150 వోల్టుల నుంచి పనిచేసేది అడుగు. గ్రైండర్‌ని దాని మీద పెట్టొద్దు, మోటారు లేచేటప్పుడు లాగే కరెంటుకి అది ఆగదు. లైను వోల్టేజి మీ ఒక్కరికేనా, పక్క షాపులకీ తక్కువేనా కనుక్కో. అందరికీ అలాగే ఉంటే కరెంటాఫీసులో కలిసి రాసివ్వండి. మీ ఒక్కరికే అయితే మీటరు దగ్గర న్యూట్రల్ జాయింటు లూజుగా ఉండొచ్చు, లైన్‌మన్ చేతే చూపించు.

పలాస జీడి
మెగ్గర్ అరువు తెచ్చి చూశాం, అర మెగాఓమ్ కూడా రాలేదు. ఎండబెట్టాక నాలుగు దాటింది. ఇప్పుడు ఈఎల్‌సీబీ పడట్లేదు. వానాకాలం ఆపేటప్పుడు ఇగ్నైటర్ విప్పి పొడి డబ్బాలో దాచాలా, లేక వారానికోసారి కాసేపు వేడెక్కిస్తే చాలా?

బొబ్బిలి వైర్‌మన్
వేడెక్కిస్తే చాలు. పెల్లెట్లు పడకుండా, అవి పోసే తొట్టి (హాపర్) ఖాళీ చేసి స్టార్ట్ నొక్కండి. కాసేపు వేడెక్కి, మంట కనపడక అదే ఆగిపోతుంది.