కాలు దువ్వుతున్నది ఎవరు?

"బకాయి జీతాల కోసం కార్మికులు కయ్యానికి కాలు దువ్వుతున్నారు" అని ఒక వార్తలో చదివాను. ఇక్కడ ఆ మాట పొసుగుతుందా? ధిక్కరిస్తున్నారు అనేనా అర్థం?

▸ పొసగదండీ. మాది చంద్రగిరి పక్క. కనుమకు రంగంపేట పశువుల పండగలో కొమ్ములకు పలకలు కట్టి పశువులను వదుల్తారు, ఆ పలకల కోసం కుర్రోళ్ళు ఎగబడతారు. చాలామటుకు జనాన్ని చూసి బెదిరి, సందు దొరికితే చాలని పరుగు తీస్తాయి. ఎప్పుడన్నా ఒక కోడె నిలబడిపోతుంది. తల వంచి, బుస కొడుతూ, ముందరికాలి గిట్టతో నేలను వెనక్కి గీరుతుంది. మన్ను లేచి దాని పొట్టకే తగుల్తుంది. అదీ కాలు దువ్వడం. ఇంకా కుమ్మలేదు, చూడండి. "రా, తేల్చుకుందాం" అంటోంది, అంతే. కొట్లాట మొదలయ్యాక ఈ మాట పనికిరాదు.

ధిక్కారం వేరు. నోరు మెదపకుండా, కూర్చున్నచోటి నుంచి లేవకుండా కూడా ధిక్కరించవచ్చు. తిరగబడ్డాడు అంటే అంతకుముందు వాణ్ణి ఎవరో అణిచారని అర్థం. కాలు దువ్వేవాడికి అలాంటి కారణమేదీ అక్కర్లేదు, ఒంట్లో కొవ్వు చాలు! అందుకే "నేను కాలు దువ్వుతున్నాను" అని ఎవరూ చెప్పుకోరు. ఎప్పుడూ అవతలివాడే దువ్వుతాడు. పత్రికల్లో పొరుగు దేశాలు దువ్వినట్టు.

కాబట్టి ఆ వార్త రాసినాయన తప్పు కార్మికులదేనని ముందే తీర్పు చెప్పేశాడు. చేసిన పనికి కూలి అడగడం కయ్యమెట్లా అవుతుంది?

▸ అన్నా, మా పలమనేరు సైడు "రంకెలేస్తా ఉండాడు" అంటాం. రెండూ ఒకటేనా?

▸ దగ్గరి చుట్టాలే గానీ ఒకటి కాదు తమ్ముడూ. రంకెలో అరుపే ఎక్కువ, ఇంట్లో కూర్చుని కూడా వేయొచ్చు. కాలు దువ్వాలంటే ఎదురుగా మనిషి ఉండాల. ఇంకో తమాషా, ఉత్త "దువ్వడం" అంటే బుజ్జగించడం. "ఆయన్ని కొంచెం దువ్వితే సంతకం పెడతాడు" అంటామే, అది. ముందు "కాలు" చేరేసరికి కథ అడ్డం తిరిగింది.

▸ మరి ఆ వార్తలో ఏం రాయాల్సింది?

▸ "పట్టుబడుతున్నారు" చాలు. మరీ ఘాటుగా కావాలంటే "నిలదీశారు".

▸ జీతం అడిగినోళ్ళకు పని నుంచి తీసేస్తామని నోటీసులిస్తే, అధికారులే కాలు దువ్వుతున్నారని రాయొచ్చా?

▸ నిక్షేపంగా.