అప్‌డేట్: ఏడీహెచ్‌డీ ఉన్న మా బాబు, ఆటలో తోటి పిల్లలు
ఏడీహెచ్‌డీ (దృష్టి నిలపలేకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు కనిపించే స్థితి) ఉన్న మా తొమ్మిదేళ్ల బాబు ఆటలో తోటివారి మాటలకు అడ్డుపడుతూ, వారి ముఖంలోని విసుగును గమనించకపోవడం ఆటిజమేమోనని ఇదివరకు అడిగాను. 2013లో వెలువడిన డీఎస్ఎం-5 (మానసిక సమస్యల నిర్ధారణకు వైద్యులు వాడే ప్రామాణిక పుస్తకం) ప్రకారం ఈ రెండూ కలిసి ఉండవచ్చు కనుక, నిపుణురాలు ఆ కోణంలోనూ పరీక్షించి, ఆటిజం లేదని తేల్చారు. బొమ్మలు చూపి నింపాదిగా అడిగితే ఎవరు, ఎందుకు బాధపడుతున్నారో వాడు సరిగ్గానే చెప్పాడు. ఆట ఊపులో మాత్రం దృష్టి చెదిరి ఆ సంకేతాలు జారిపోతున్నాయని, తెలిసిన నియమం కూడా తొందరపాటు వల్ల ఆచరణలోకి రావడం లేదని ఆమె వివరించారు. తెలియదనుకుని ఇన్నాళ్లూ పాఠాలు చెప్పినందుకు నాకు బాధ కలిగింది. ఇప్పుడు ఒక్క స్నేహితుడితోనే అరగంట ఆడిస్తూ, అవసరమైనప్పుడు అక్కడికక్కడే చేతితో సైగ చేస్తున్నాను. నిన్న వాడు తనంతట తానే ఆగి, "ఇప్పుడు నీ వంతు" అన్నాడు.