రెప్ప వేయలేని పింఛనుదారులకు జీవన్ ప్రమాణ్ ఎలా చేయిస్తున్నారు?

ఇళ్లకు వెళ్లి వృద్ధులకు జీవన్ ప్రమాణ్ (పింఛనుదారు బతికే ఉన్నారని ఆధార్ గుర్తింపుతో ఇచ్చే డిజిటల్ ధ్రువపత్రం) చేయించే సామాజిక కార్యకర్తలకు ఈ ప్రశ్న. వేలిముద్రలు అరిగిపోయినవారికి ముఖ గుర్తింపు చాలా మేలు చేసింది. చిక్కంతా యాప్ రెప్ప వేయమన్నప్పుడే. ఫొటో చూపించి మోసం చేయకుండా పెట్టిన పరీక్ష అది, అవసరమే. కానీ పక్షవాతంతో రెప్ప సరిగా మూతపడనివారు, తల వణికేవారు అక్కడే ఆగిపోతున్నారు. నిజంగా సాయం కావలసింది వాళ్లకే కదా!

ప్రస్తుతం కిటికీకి ఎదురుగా కూర్చోబెడుతున్నాం. వెలుగు వెనకనుంచి పడితే ముఖం నల్లబడుతుంది. కళ్లద్దాలు తీయించి, తల గోడకు ఆనించి, ఫోన్ వెనుక కెమెరాతో తీస్తూ, "ఇప్పుడు రెప్ప వేయండి పెద్దమ్మా" అని పక్కనుంచి చెబుతున్నాం. కుదరకపోతే వేళ్లు కడిగి, పొడిగా తుడిచి, బొటనవేలితో ఆగకుండా పదివేళ్లూ వేలిముద్ర యంత్రంపై ప్రయత్నిస్తున్నాం.

కనుపాపను స్కాన్ చేసి గుర్తించే ఐరిస్ యంత్రం వాడినవారు ఉన్నారా? శుక్లం ముదిరిన కంటికి, ఆపరేషన్ అయిన కంటికి పనిచేస్తోందా? పని కాకపోతే ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించాక తేడా కనిపించిందా?

ఇంకొకటి. సొంత ఫోన్ లేనివారికి కార్యకర్త నంబరు ఇస్తే ప్రమాణ్ ఐడీ (ఆ ధ్రువపత్రం నంబరు) సందేశం మన ఫోన్‌కే వస్తుంది. పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నంబరు తప్పుపడి ధ్రువపత్రాన్ని తర్వాత తిరస్కరించినా ఆ పెద్దలకు తెలియదు, పింఛను ఆగాకే తెలుస్తుంది. ఎవరి నంబరు ఇస్తున్నారు? కాగితంపై ఏం రాసి ఇస్తున్నారు? మంచాన ఉన్నవారి కోసం బ్యాంకు సిబ్బందిని ఇంటికి రప్పించడానికి దరఖాస్తు ఎలా రాశారో కూడా చెప్పండి.