రెండేళ్లుగా వేసుకుంటున్న అల్ప్రాజోలం ఒక్కసారిగా ఆపేశా, ఇది దాటినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పానిక్ ఎటాక్స్‌కి రెండేళ్లుగా అల్ప్రాజోలం 0.5 ఎంజీ రోజుకి రెండుసార్లు వేసుకుంటున్నా, అలవాటు పడిపోయానేమో అని భయమేసి ఎవర్నీ అడక్కుండా మొన్న టక్కున మానేశా, పెద్ద మొనగాడిలాగా. ఇవాళ మూడో రోజు. నిద్ర అస్సల్లేదు, చేతులు వణుకు, గుండె దడ, ఒళ్లంతా చెమటలు, ఫ్యాన్ చప్పుడు కూడా భరించలేకపోతున్నా, మందు మొదలెట్టకముందు ఉన్న టెన్షనే నయం అనిపిస్తోంది.

ఇలా సడన్‌గా ఆపితే ఫిట్స్ కూడా రావొచ్చని, అల్ప్రాజోలం ఒంట్లోంచి త్వరగా పోతుంది కాబట్టి ఒకట్రెండు రోజుల్లోనే ఇవన్నీ మొదలవుతాయని ఇప్పుడు తెలిసింది. డాక్టర్‌కి ఫోన్ చేస్తే ఇవాళే రమ్మన్నారు, తమ్ముడు వచ్చాడు, తీసుకెళ్తాడు. ఈలోపు ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపించినా, అయోమయంగా మాట్లాడినా ఆగకుండా ఎమర్జెన్సీకే తీసుకెళ్లమని వాడికి చెప్పి పెట్టా. బండి ముట్టుకోవట్లేదు, తాగుడు జోలికి అసలే పోవట్లేదు.

నేనడిగేది ఏంటంటే, మీకు మళ్లీ పాత డోసే మొదలెట్టి అక్కణ్నించి తగ్గించారా, లేక డయాజెపామ్ లాంటి ఒంట్లో ఎక్కువసేపు ఉండే దానికి మార్చారా? రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం తగ్గిస్తారని చదివా, అలా అయితే నెలలు పడుతుంది కదా, మధ్యలో ఆఫీసు, నిద్ర ఎలా నెట్టుకొచ్చారు? చివరి కొంచెం మానడమే కష్టమంటారు, నిజమేనా? డోసు లెక్కలు మాత్రం ఇక్కడ చెప్పకండి, అవి డాక్టర్‌నే అడుగుతా. చెప్పకుండా ఆపేసినందుకు తిడతారేమో అని అదొక భయం.