"రోడ్డు దిగు" అనే మాట, దాంతోపాటు సైకిల్ తోవ, సైకిల్ బాట
(రాసినవాళ్ళ పేర్ల బదులు వాళ్ళ ఊళ్ళ పేర్లు ఉన్నాయి.)

ఆమదాలవలస:
మనవైపు సైకిల్ మీద ఎల్తన్నవాడికి వెనకనించి బస్సు హారన్ కొడితే పక్కనున్నోళ్ళు "ఒరే, రోడ్డు దిగు, కిందికి దిగు" అని అరిచీవోరు కదా. ఈ మాట మీద కాసేపు మాట్లాడుకుందామని పోస్టు పెడతన్నాను, ఎందుకంటే ఇంగ్లండు సంగతి ఒకటి చదివిన దగ్గర్నించి ఇదే బుర్రలో తిరుగుతోంది.

అక్కడ 1934 డిసెంబరులో లండన్ పడమర పక్క వెస్టర్న్ ఎవెన్యూ అనే కొత్త రోడ్డుకి రెండు వైపులా సైకిళ్ళకని విడిగా కాంక్రీటు దారి వేశారు. రెండున్నర మైళ్ళు పొడుగు, 8 అడుగుల 6 అంగుళాలు వెడల్పు. అప్పటి రవాణా మంత్రి లెస్లీ హోర్ బెలీషా వచ్చి ప్రారంభించాడు. ఆ తర్వాత యుద్ధం ముంచుకొచ్చేదాకా దేశంలో చాలాచోట్ల ఇలాంటివి వేసుకుంటూ పోయారు, తర్వాత మెల్లగా మర్చిపోయారు. మర్చిపోవడమంటే దారులు ఎక్కడికీ పోలేదండీ, కొన్ని గడ్డి కింద ఉన్నాయి, కొన్నిటి మీద ఇళ్ళవాళ్ళు కార్లు పెట్టుకుంటున్నారు, కొన్నిటిని ఏదో సర్వీస్ రోడ్డు అనుకుంటున్నారు. కార్ల్‌టన్ రీడ్ అని ఒక జర్నలిస్టు పాత మ్యాపులు, గూగుల్ స్ట్రీట్ వ్యూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కొక్కటే వెతికి పట్టుకున్నాడు, 2017లో జనం దగ్గర చందాలు కూడా పోగుచేశాడు వాటిని మళ్ళీ వాడకంలోకి తేవాలని.

నాకు బాగా నచ్చిన ముక్క వేరే ఉంది. ఆ దారులు వేసినప్పుడు గట్టిగా వద్దన్నది సైకిల్ తొక్కేవాళ్ళ సంఘమే! మంచి దారి ఇస్తానంటే ఎవరైనా వద్దంటారా? వాళ్ళ భయం ఏటంటే ఇవాళ పక్కన దారి ఇస్తారు, రేపు అసలు రోడ్డు మీదకి రావొద్దంటారు అని. అంటే మన భాషలో, మమ్మల్ని రోడ్డు దింపేస్తున్నారు అని. ఈ గొడవంతా మన రెండు మాటల్లో పట్టేసింది చూడండి.

ఇంతకీ నా ప్రశ్న, ఆ దారుల్ని తెలుగులో ఏమనాలి? సైకిల్ ట్రాక్ అంటే నాకు స్టేడియంలో రేసే గుర్తొస్తుంది.

రాజాం:
సైకిల్ తోవ అనండి, మన మాట. త్రోవే తోవ అయింది.

కాకపోతే ఒక తిరకాసు ఉంది. రోడ్డు వేస్తారు, బాట వేస్తారు, తోవ మాత్రం పడతాది. "చేలమ్మట తోవ పడింది" అంటాం గానీ తోవ వేశారు అనం. నడిచీవోళ్ళు నడవగా నడవగా అదే పడాలి. మా చిలకపాలెం, రామభద్రపురం, రాయగడ రోడ్డు తారు సన్నగా ఉన్న రోజుల్లో పక్క మట్టిలో సైకిళ్ళు తిరిగి తిరిగి జానెడు వెడల్పున నున్నటి చార ఒకటి ఉండీది, అక్కడ గడ్డి మొలిచీది కాదు, వానొస్తే ముందు నీళ్ళు అందులోనే నిలిచీవి. పాల క్యాన్లోళ్ళు, గోగునార మోపులోళ్ళు అందరూ దాని మీదే. దానికి ఏ శాంక్షనూ లేదు, ఏ మంత్రీ రిబ్బను కొయ్యలేదు. అదీ తోవంటే. ఇంగ్లండోళ్ళది ప్రభుత్వం పోసిన కాంక్రీటు, దాన్ని తోవ అంటే నాకు చెవికి ఇంపుగా లేదు.

విజయనగరం:
నేను రోడ్ల పనుల్లోనే రిటైరయినవాణ్ణి, అందుకని రెండు ముక్కలు. రాజాం మాస్టారు చెప్పిన ఆ మట్టి పట్టీని మేము ఆఫీసులో బెర్ము అనేవాళ్ళం, మేస్త్రీలు మార్జిన్ అనేవారు. పాత సింగిల్ రోడ్డు తారు 12 అడుగులు. బస్సు ఒక్కటే ఎనిమిది అడుగుల పైన ఉంటుంది, ఎదురుగా లారీ వస్తే ఇద్దరూ చెరో చక్రం మట్టిలోకి దింపితేనే తప్పుకోగలరు. మరింక సైకిలువాడికి చోటెక్కడ? అందుకే ఆ కేక.

"దిగు" అని ఎందుకన్నారో, "తప్పుకో" అని ఎందుకనలేదో కూడా చెప్తాను. తారు మీద తారు వేసుకుంటూ పోతే రోడ్డు ఎత్తు పెరుగుతుంది, పక్క గ్రావెల్ ఏటేటా వానకి కొట్టుకుపోతుంది. కొన్నాళ్ళకి అంచు దగ్గర నాలుగు వేళ్ళ ఎత్తు మెట్టు తయారవుతుంది. దిగడం ఎలాగో దిగిపోవచ్చు, మళ్ళీ ఎక్కడమే ప్రాణం మీదకొచ్చేది, ఏటవాలుగా ఎక్కబోతే ముందు చక్రం అంచుకి రాసుకుంటూ పోతుంది గానీ ఎక్కదు, హ్యాండిల్ లాగేసి మనిషి సరిగ్గా తారు మీదకే పడతాడు. తెలిసినవాడు ఆగి, ముందు చక్రం ఎత్తి పెట్టుకునేవాడు. కాబట్టి ఆ మాట అలంకారం కాదు బాబూ, నిజంగా దిగడమే.

నరసన్నపేట:
మాస్టారూ నమస్తే. మా వయసోళ్ళం ఎవరం "రోడ్డు దిగు" అనం, "సైడ్, సైడ్" అంటాం అంతే. నాలుగు లైన్ల హైవేలో దిగడానికి మట్టి ఏదీ, 5వ నంబరు హైవే కాస్తా 16 అయిపోయింది, తెల్ల గీత అవతల తారు మీదే సైకిళ్ళు, అక్కడే ఆగిన లారీలు, రాంగ్ రూట్‌లో బళ్ళు. ఊరు దగ్గరైతే సర్వీస్ రోడ్డు. ఆమదాలవలస అన్నయ్య పోస్టులో ఆ మాట చూసి నవ్వొచ్చింది, అక్కడ సైకిల్ దారులు దాక్కున్నది కూడా ఆ పేరు కిందే కదా.

ఇంకోటి, రోడ్డుతో మనకి ఎన్ని మాటలున్నాయో చూడండి. రోడ్డెక్కారు అంటే ధర్నా. రోడ్డున పడ్డారు అంటే ఇల్లూ వాకిలీ పోయింది. దిగడం, ఎక్కడం, పడడం, మూడిట్లో దేంట్లోనూ మనిషి రోడ్డు మీద సుఖంగా లేడు.

రాజాం:
బాగా పట్టుకున్నావు తల్లీ. ఆ లండన్ సైకిలోళ్ళు రోడ్డు దిగమన్నందుకు రోడ్డెక్కారు అనొచ్చన్నమాట.

ఆమదాలవలస:
అయితే నేను ఇలా రాసుకుంటాను, వేసినది సైకిల్ బాట, పడినది సైకిల్ తోవ. ఇంగ్లండుది మొదటిది, మనది రెండోది. "సైకిల్ మార్గం" అని మాత్రం రాయను, ఆ మాట వింటే ఎవరో సన్యాసం పుచ్చుకున్నట్టుంటుంది. విజయనగరం మాస్టారూ, ఒక్క సందేహం, మన పాత తోవలు ఇప్పుడు వెతికితే దొరుకుతాయంటారా? వాళ్ళది కాంక్రీటు, ఉండిపోయింది. మనది మట్టాయె.

విజయనగరం:
వెడల్పు చేసిన చోట ఆశ పెట్టుకోకు, అదంతా తారు కిందకి పోయింది. బైపాస్ వచ్చాక వదిలేసిన పాత రోడ్డు ముక్కలుంటాయి చూడు, అక్కడ చూడు. పాత చింతచెట్లు గానీ, మైలురాయి గానీ తారుకి ఎంత దూరంలో ఉన్నాయో టేపు పెట్టి కొలువు. మధ్యలో ఉన్నదే బెర్ము. ఇప్పుడు అక్కడ టిఫిన్ బండి ఉంటే ముందు వాడికి చెప్పి కొలువు, రోడ్డు వెడల్పు చేస్తున్నారేమో అని హడలిపోతాడు.