అతుకుల బొంతకు ఏ ప్రెసర్ ఫుట్‌తో మొదలుపెట్టాలి?

ప్రశ్న:

నమస్కారమండీ. నూలుగుడ్డ ముక్కలతో అతుకుల బొంత కుడుతున్నాను. చదరపు ముక్కలన్నీ ఒకే కొలతకు కత్తిరించినా, వాటిని కలిపిన తరువాత ఒక్కో వరుస ఒక్కో పొడవు వచ్చి మూలలు కలవడం లేదు. ఆ తరువాత పై పొరను, నడుమ దూది పొరను, అడుగున ఆస్తరును కలిపి నిలువు గీతలు కుట్టబోతే, పై గుడ్డ మాత్రం ముందుకు తోసుకుపోయి అతుకుల దగ్గర ముడత పడుతోంది. ఇంతవరకు అంతా మిషనుతో వచ్చిన మామూలు జిగ్‌జాగ్ ఫుట్‌తోనే (ఫుట్ అంటే సూది దగ్గర గుడ్డను అదిమి పట్టే భాగం) కుట్టాను. ఇప్పుడు పావు అంగుళం ఫుట్, వాకింగ్ ఫుట్, ఫ్రీ మోషన్ ఫుట్ అని మూడు పేర్లు వినిపిస్తున్నాయి. ప్రస్తుతానికి ఒక్కటే కొనగలను. దేనితో మొదలుపెట్టాలి? అది నా మిషనుకు సరిపోతుందో లేదో ముందుగా తెలుసుకోవడం ఎలా? నా మిషనులో ఫుట్‌లు స్క్రూ విప్పనవసరం లేకుండా, నొక్కి తగిలించే రకానివి.

మొదటి జవాబు:

మీరు చెప్పిన ఇబ్బందులు రెండూ వేరువేరు కారణాల వల్ల వచ్చినవి, కాబట్టి రెండింటికీ ఒకే ఫుట్ మందు కాదు.

వరుసల పొడవు తేడా రావడానికి కారణం కుట్టుకు బయట వదిలే గుడ్డ అన్నిచోట్లా సమానంగా లేకపోవడం. బొంత పనిలో అది పావు అంగుళం, అంటే సుమారు 6.35 మిల్లీమీటర్లు ఉండాలి. ఎనిమిది ముక్కల వరుసలో ఏడు కుట్లు పడతాయి. ఒక్కో కుట్టు ఒక మిల్లీమీటరు లోపలికి జరిగితే రెండు ముక్కల్లోనూ కలిపి రెండు మిల్లీమీటర్లు పోతుంది. వరుస చివరికి వచ్చేసరికి 14 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం దాటి తగ్గిపోతుంది. పావు అంగుళం ఫుట్‌లో సూది నుంచి కుడి అంచు వరకు సరిగ్గా ఆ దూరమే ఉంటుంది కాబట్టి, గుడ్డ అంచును ఫుట్ అంచుకు ఆనించి పోనిస్తే చాలు. కొన్నింటికి పక్కన చిన్న రేకు గోడలా ఉంటుంది. తిన్నని అంచులకు అది మంచి ఆసరా. ముక్క మధ్యలో గీసుకున్న మూలగీత వెంట కుట్టేటప్పుడు మాత్రం అడ్డం వస్తుంది. సూది రంధ్రం సన్నగా ఉన్న ఫుట్‌తో జిగ్‌జాగ్ వేస్తే సూది విరుగుతుంది.

రెండవ ఇబ్బంది, ముడత, మిషను పనిచేసే తీరులోనే ఉంది. సూది కింద ఉండే లోహపు పలకలోంచి పైకి లేచే పళ్లు అడుగు పొరను మాత్రమే వెనక్కి లాగుతాయి. పై పొర ఫుట్ అడుగుకు రాసుకుని వెనుకబడుతుంది. నడుమ దూది ఉన్నప్పుడు ఈ తేడా ఇంకా పెరుగుతుంది. వాకింగ్ ఫుట్‌కు తనవైన పళ్లు ఉంటాయి. దాని పక్క చేయి సూదిని బిగించే స్క్రూ మీద ఆనుకుని సూదితో పాటు లేస్తూ దిగుతూ ఉండటం వల్ల, సూది గుడ్డ బయట ఉన్నప్పుడు ఆ పై పళ్లు గుడ్డను పట్టి, కింది పళ్లతో సమానంగా వెనక్కి జరుపుతాయి. అందుకే నన్నడిగితే మీరు కొనవలసిన మొదటి ఫుట్ వాకింగ్ ఫుటే. పావు అంగుళం కొలతను మరో విధంగానైనా సాధించవచ్చు, మూడు పొరలను ఒకే వేగంతో నడపడం మామూలు ఫుట్‌తో చాలా కష్టం.

రెండవ జవాబు:

ఫుట్ సరిపోతుందా అన్నదానికి జవాబు చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు వృథా చేసుకునేది ఇక్కడే. చూడవలసినది షాంక్, అంటే ఫుట్‌ను మిషను కడ్డీకి బిగించే భాగం. ఫుట్‌ను పూర్తిగా కిందికి దించి, సూది పలక నుంచి ఫుట్‌ను పట్టి ఉంచే స్క్రూ నడిమి వరకు కొలవండి. అది అంగుళం లోపు ఉంటే లో షాంక్, అంగుళం దాటితే హై షాంక్ అని సాధారణంగా అనుకోవచ్చు. సింగర్ పాత మోడళ్లు కొన్నింటిలో కడ్డీ వాలుగా ఉంటుంది. వాటికి స్లాంట్ షాంక్ ఫుట్‌లే పనికివస్తాయి. బెర్నీనా మిషన్ల అమరిక పూర్తిగా వేరు. ఎంత కొలిచినా, మీ మోడల్ పేరు ఆ ఫుట్ వివరాల్లో ఉందో లేదో చూడడం తప్పనిసరి.

నొక్కి తగిలించే రకం అన్నారు కాబట్టి మరొక మాట. వాకింగ్ ఫుట్ సాధారణంగా ఆ క్లిప్పుకు తగలదు. క్లిప్పు పట్టిని కూడా స్క్రూ విప్పి తీసేసి, ఫుట్‌ను నేరుగా కడ్డీకి బిగించాలి. పక్క చేయి సూది స్క్రూ మీద సరిగా కూర్చుందో లేదో చూసి, చేతిచక్రాన్ని నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పి, సూది ఎక్కడా తగలడం లేదని నిర్ధారించుకున్న తరువాతే మోటారు నడపండి. ఈ ఫుట్ కదలికకు స్క్రూ వదులవుతుంటుంది, కాబట్టి మధ్యమధ్య బిగిస్తూ ఉండాలి. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి నిదానంగా కుట్టండి. చాలా వాకింగ్ ఫుట్‌లు వెనక్కి కుట్టడానికి తగినవి కావు, అందువల్ల మొదట్లోనూ చివర్లోనూ కొన్ని చిన్న కుట్లు వేసి దారాన్ని నిలపండి.

మూడవ జవాబు:

వాకింగ్ ఫుట్ కొనమన్న సలహాతో నాకు పేచీ లేదు, అయితే కొనేముందు రెండు సంగతులు చూసుకోవాలి. మీ మిషనులో ప్రెసర్ ఫుట్ ఒత్తిడిని తగ్గించే మర ఉంటే కొంచెం తగ్గించి, మిగిలిన ముక్కల మీద కుట్టి చూడండి. మూడు పొరలకు కచ్చాకుట్టు దగ్గరదగ్గరగా పడిందో లేదో కూడా పరిశీలించండి. కచ్చాకుట్టు దూరంగా ఉంటే ఏ ఫుట్ పెట్టినా ముడత పడుతుంది. గీతలు బొంత నడిమి నుంచి అంచులకు వెళ్లాలి.

పావు అంగుళానికి ఖర్చు లేని ఉపాయం ఉంది. గీతల స్కేలును ఫుట్ కింద పెట్టి, పావు అంగుళం గీత మీద సూది మొన దించండి. స్కేలు కుడి అంచు వెంట పలక మీద కాగితపు టేపును కొన్ని పొరలుగా అంటిస్తే గుడ్డకు గట్టు దొరుకుతుంది. టేపు పళ్ల మీదికి రాకూడదు. తరువాత ఒకటిన్నర అంగుళాల వెడల్పు గల మూడు పట్టీలు కలిపి కుట్టి, ఇస్త్రీ చేసి కొలవండి: నడిమి పట్టీ సరిగ్గా ఒక అంగుళం రావాలి. తక్కువ వస్తే గట్టును ఒక దారపు మందం సూది వైపు జరపండి, ఎందుకంటే కుట్టు దగ్గర గుడ్డ మడతపడే చోట కూడా కొంత కొలత పోతుంది. పావు అంగుళం ఫుట్ కొన్నవారు సైతం ఈ పరీక్ష చేసి తీరాలని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. పట్టీల పరీక్షలో నడిమి పట్టీ అంగుళం కంటే తక్కువే వచ్చింది; గట్టు జరిపాక సరిపోయింది. ఒత్తిడి తగ్గిస్తే ముడత తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, అందువల్ల వాకింగ్ ఫుట్ తీసుకుంటాను. నా మిషను లో షాంక్ అని తేలింది. అంచు పట్టీలో లతలు, ఆకులు కుట్టాలని ఉంది. అది కూడా దీనితో వీలవుతుందా?

మొదటి జవాబు రాసినవారు:

నిదానంగా వంగే వంపుల వరకు వీలవుతుంది. మలుపు మలుపుకూ బొంతనంతా తిప్పవలసి వస్తుంది కాబట్టి చిన్న ఆకులు, చుట్లు దీనితో కుదరవు. వాటికి ఫ్రీ మోషన్ ఫుట్ కావాలి. అందులో మిషను గుడ్డను లాగదు. కింది పళ్లను దించి లేదా మూతతో కప్పి, కుట్టు పొడవును సున్నా చేసి, గుడ్డను మీ చేతులే అన్ని దిక్కులకూ జరుపుతాయి. ఫుట్ ప్రతి కుట్టుకూ లేచి దిగుతూ, సూది గుచ్చుకునే క్షణంలో గుడ్డను అదిమి ఉంచుతుంది. కుట్టు పొడవు చేతి వేగానికీ మిషను వేగానికీ కుదిరే పొందికను బట్టి వస్తుంది, అందుకే మొదట పాత గుడ్డల మూడు పొరల మీద చేయి తిప్పుకోండి. ముందువైపు తెరిచి ఉన్న ఫుట్ తీసుకుంటే గీసిన లత కనిపిస్తుంది. ఫుట్ ఎలాగూ గుడ్డకు కొంచెం ఎత్తులోనే కనిపిస్తుంది కదా అని, ఫుట్‌ను ఎత్తి దించే లీవరును దించడం మరిచిపోకండి. లీవరు పైన ఉన్నంతసేపు పైదారానికి బిగువు ఉండదు, ఆస్తరు వైపు దారం గుత్తులుగా పేరుకుపోతుంది.